మార్లవాయి

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని రాజ్‌గోండు గ్రామం. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ (1909–1995), ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఇక్కడ నివసించడంతో ప్రసిద్ధికెక్కింది.

నేపథ్యం: వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్‌ను రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశ పౌరుడిగా పరిగణించి హైదరాబాద్ సంస్థానానికి పరిమితం చేసింది. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం నేలకొరిగాక, గోండుల అశాంతికి కారణాలు తెలుసుకునే పనిని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. రిజర్వు అడవుల హద్దులు, పోడుపై ఆంక్షలు, సాగుభూమికి పట్టాలు లేకపోవడం, బయటివారి ఆక్రమణలు మూలకారణాలుగా తేలాయి.

కృషి: హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండి నేర్చుకున్నారు. 1943లో ఇక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. గిరిజనులకు పట్టాల పంపిణీకి ఆయన సిఫార్సులు తోడ్పడ్డాయి. ఈ ప్రాంత పరిశోధన ఫలితమే ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ (1948). తర్వాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనా ఆదిలాబాద్‌కు వస్తూపోతూనే ఉన్నారు.

స్మృతి: దంపతుల కుమారుడు నికోలస్‌ను గోండులు లచ్చుపటేల్ అని పిలుచుకున్నారు. 1987లో హైదరాబాద్‌లో మరణించిన బెట్టీని మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ లండన్‌లో మరణించగా, ఆయన అస్థికలను 2012లో ఇక్కడికి తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గ్రామస్థులు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) అధికారులు దంపతుల వర్ధంతి జరుపుతారు.