అరుగు, అంగడి, బల్ల

పాత ఆటలు అంతరించిపోతున్నాయని బాధపడే వ్యాసాలు మనకు కొత్త కాదు. వాటిలో ఎక్కువ భాగం ఆటవస్తువును గురించే మాట్లాడతాయి. ఆడిన మనిషిని, అతడు కూర్చున్న చోటును పట్టించుకోవు. అందువల్లనే మన ఊళ్లలో ఆటవస్తువుల అంగళ్ల భవిష్యత్తు ఏమిటన్న ప్రశ్నకు కూడా సరైన జవాబు దొరకడం లేదు.

పులిజూదాన్నే తీసుకుందాం. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. బొగ్గుముక్కతో బండ మీద గీసుకుంటే పటం తయారు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మేక పులిని చంపలేదు. కాని మేకలన్నీ కలిసి నిలబడితే పులి కదలలేదు. బలహీనుడి బలమేమిటో ఈ ఆటను కల్పించిన అజ్ఞాత ప్రజలకు బాగా తెలుసు. అష్టాచెమ్మాకు గవ్వలు, వామనగుంటలకు 14 గుంటలు, గుప్పెడు గింజలు. ఇవన్నీ పెట్టుబడి అక్కరలేని ఆటలు. మన వినుకొండ వల్లభరాయుని పేర ఉన్న క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల వినోదాలను చూపింది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిన్న తిండికి, ఆడిన ఆటకు చోటిచ్చారు. ఆ చూపు మనకు వారసత్వం.

అయితే ఆ అరుగు ఎవరిది? ఈ ప్రశ్న వేయకుండా గతాన్ని కీర్తించడం చరిత్ర అనిపించుకోదు. అరుగు ఇంటి యజమానిది. దాని మీద ఎవరు కూర్చోవాలో కులం నిర్ణయించింది. దళితవాడ పిల్లవాడు గింజలు ఏరి తేగలడు గాని అరుగెక్కి పావు కదపలేడు. పొద్దస్తమానం మిరపకోతలో నడుము వంచిన కూలితల్లికి వామనగుంటల ముందు కూర్చునే తీరిక ఏదీ? తీరిక కూడా భూమిలాగే కొందరి చేతిలోనే ఉండేది.

తర్వాత అంగడి వచ్చింది. మన పచ్చీసు సముద్రం దాటి వెళ్లి 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు పొంది, అచ్చు అట్టగా తిరిగి వచ్చింది. వైకుంఠపాళి వేదాంతం వదిలేసి పాములు-నిచ్చెనలుగా మారింది. అంగడి చేసిన మేలును కాదనలేం. డబ్బులిచ్చినవాడికల్లా, కులం అడగకుండా, అట్ట అమ్మింది. కాని అది వస్తువును అమ్మిందే తప్ప కూర్చునే చోటు ఇవ్వలేదు. ఆట అరుగు దిగి, తలుపులు మూసిన గదిలోకి పోయింది.

ఈ రెండింటికీ భిన్నమైన మూడో చోటు ఒకటుంది. అది గ్రంథాలయం. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1960 చట్టం వచ్చాక ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కట్టే ప్రతి కుటుంబానికీ అక్కడి బల్ల మీద హక్కు ఏర్పడింది. నా చిన్నతనంలో మా ఊరి గ్రంథాలయం వరండాలో ఒక పాత చదరంగం బల్ల ఉండేది. పొగాకు బ్యారన్ యజమాని కొడుకు, అదే బ్యారన్‌లో పనిచేసే కూలీ కొడుకు దానికి చెరోవైపు కూర్చునేవారు. ఎదురెదురుగా కూర్చోవడమే ఆ ఊళ్లో పెద్ద మార్పు. గెలుపోటములు తర్వాతి మాట.

గుంటూరులో పుట్టిన పెంటల హరికృష్ణ 2001లో, ద్రోణవల్లి హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో స్వర్ణాలు గెలిచిన భారత జట్లు రెండింటిలోనూ వీరున్నారు. గర్వించవలసిందే. కాని ఒక విజేత తయారు కావాలంటే సరదాగా ఆడి ఓడిపోయే వందలమంది కావాలి. వారికి బల్ల ఎక్కడుంది?

ఆ ఖాళీలోకి ఫోను వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. చట్టాలు అవసరమే. ఆ చట్టాలకు ముందే నా దగ్గర చదివిన ఒక కుర్రవాడు పత్తి అమ్మిన డబ్బంతా ఫోను రమ్మీలో పోగొట్టుకున్నాడు. "ఎదుటివాడి మొహం కనబడి ఉంటే ఎప్పుడో లేచి వచ్చేవాణ్ణి మాస్టారూ" అన్నాడు. ఆ మాట నన్ను వదలడం లేదు. నిషేధం ఫోనులో పందేన్ని ఆపగలదేమో గాని, ఎదురుగా కూర్చునే మనిషిని తెచ్చివ్వలేదు.

హైదరాబాదు వంటి నగరాలలో గంటకింత అని తీసుకుని బల్ల వేసి, కొత్త ఆటలాడించే కేంద్రాలు వెలిశాయి. అమెరికా, ఐరోపాలలోనూ ఇలాంటి అంగళ్లను నిలబెడుతున్నది అలమరలోని సరుకొక్కటే కాదు, దాని పక్కన వేసిన బల్ల కూడా. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే అట్టతో మన ఊరి అంగడి పోటీ పడలేదు. నాలుగు కుర్చీలు వేస్తే మాత్రం బతకగలదు. కాని గంటకు రుసుము పెట్టిన బల్ల మళ్లీ ఒక అరుగే అవుతుంది. అప్పుడు కులం అడ్డుపడినచోట ఇప్పుడు డబ్బు అడ్డుపడుతుంది.

అందువల్ల అంగడివాడు బల్ల వేస్తే ఆహ్వానిద్దాం. కాని ఆ పని అతడికే వదిలెయ్యకూడదు. సెస్సు కడుతున్న జనం గ్రంథాలయంలో ఒక ఆటబల్లను హక్కుగా అడగాలి. మిరపకోతలు ముగిసిన వేసవి సాయంకాలాల్లో మన సంఘం శాఖలు ఆ బల్ల దగ్గర కూర్చోవాలి. ఆడవాళ్లకు మొదటి కుర్చీ వెయ్యాలి. ఖర్చంటారా? బొగ్గుముక్క, గుప్పెడు చింతగింజలు.