నీడ కాఫీ తోటలు - కీటక వైవిధ్యం

పెద్ద చెట్ల గొడుగు కింద కాఫీ పెంచే తోటలను నీడ తోటలంటారు. ఉష్ణమండలంలో అడవి తరిగిపోయిన చోట చీమలకు, తేనెటీగలకు, పెంకు పురుగులకు ఇవి ఆశ్రయమిస్తాయి.

తొలి దశ: అరబికా కాఫీ ఇథియోపియా కొండ అడవుల్లో చెట్ల చాటున పెరిగే మొక్క. యెమెన్ మీదుగా ఆసియాకు, 18వ శతాబ్దంలో అమెరికా ఖండాలకు చేరి, చాలాచోట్ల నీడలోనే సాగైంది.

నీడ తొలగింపు: ఆకు తుప్పు తెగులు 1970లో బ్రెజిల్‌లో, 1976లో నికరాగ్వాలో బయటపడింది. ఎండ తగిలితే తెగులు తగ్గుతుందని, దిగుబడి పెరుగుతుందని భావించి లాటిన్ అమెరికాలో చెట్లు కొట్టేశారు. పొట్టి రకాలను ఒత్తుగా నాటి ఎరువులు, మందులు వాడారు. 1990 నాటికి మెక్సికో కాఫీ భూముల్లో 17 శాతం, కోస్టారికాలో 40, కొలంబియాలో 69 శాతం ఇలా మారాయి.

పరిశోధనలు: పనామాలో 19 చెట్లపైకి మందు పొగ వదిలి, రాలిన పురుగుల్లో సుమారు 1,200 పెంకు పురుగు జాతులను టెర్రీ ఎర్విన్ లెక్కించారు. ఆ లెక్కతో 1982లో ఉష్ణమండల కీటకాదులు 3 కోట్ల జాతులని అంచనా కట్టారు. తర్వాతి అంచనాలు అందుకు చాలా తక్కువ. ఇదే పద్ధతిని ఇవెట్ పర్ఫెక్టో, జాన్ వాండర్‌మీర్, వారి సహచరులు కోస్టారికా కాఫీ తోటల్లో ఓపికగా వాడారు. మన బారిజానికి దగ్గర చుట్టమైన ఎరిత్రినా చెట్టు ఒక్కదానిపైనే 126 పెంకు పురుగు జాతులు, 30 చీమల జాతులు దొరికాయి. మరో ఎరిత్రినాపై 110, 27 జాతులుండగా, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవి పెంకు పురుగుల్లో 14 శాతం, చీమల్లో 18 శాతమే. చెట్టు చెట్టుకూ పురుగుల లోకం వేరని 1997లో వెలువడిన ఈ విలువైన అధ్యయనం తేల్చింది. అంతకు ముందు ఏడాదే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వలస పక్షుల కేంద్రం నిర్వహించిన సదస్సు నీడ కాఫీని వినియోగదారుల ముందుకు తెచ్చింది.

తోటలోని లంకెలు: మెక్సికోలోని చియాపాస్‌లో ఫింకా ఇర్లాందా అనే సేంద్రియ తోటలో పర్ఫెక్టో, వాండర్‌మీర్ దీర్ఘకాలం పనిచేశారు. అక్కడి నీడ చెట్లపై గూళ్లు కట్టే అజ్టెకా చీమలు తేనెబంక కోసం కాఫీ మీది పచ్చ పొలుసు పురుగులకు కాపలా కాస్తాయి. ఆ పనిలోనే కాయతొలుచు పురుగునూ తరుముతాయి. పొలుసు పురుగులు గుంపుకట్టిన చోట వాటిని పట్టే తెల్ల బూజు ఆకు తుప్పును కూడా అదుపు చేస్తుంది. చీమలపై దాడిచేసే చిన్న ఈగ ఒకటి ఉంది. అది వాలగానే చీమలు కదలక నిలిచిపోతాయి. ఆ సందులో పొలుసు పురుగులను తినే అక్షింతల పురుగు గుడ్లు పెడుతుంది. చెట్టు పోతే గూడు పోతుంది, ఈ వరుసంతా తెగుతుంది.

ఇండోనేషియా: సులవేసీలో అలెగ్జాండ్రా క్లైన్ బృందం 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మూడు తేనెటీగ జాతులున్న తోటల్లో కాఫీ కాయ కట్టడం సుమారు 60 శాతం, ఇరవై జాతులున్న చోట 90 శాతం.

భారతదేశం: ఇక్కడ కాఫీ దాదాపు అంతా నీడలోనే పండుతుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా తోటల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ ప్రధాన నీడ చెట్టు. దానిపైకే మిరియం తీగ పాకిస్తారు. అరబికాకు ప్రధాన శత్రువైన తెల్ల కాండం తొలుచు పురుగు ఎండ తగిలే మొక్కలనే ఎక్కువగా ఆశిస్తుంది.