లిక్టెన్‌స్టైన్ ఖాతాపత్రములు – ఆర్థిక గోప్యతా వివాదము

ఐరోపా ఖండమున స్విట్జర్లాండు, ఆస్ట్రియా దేశముల నడుమ నొదిగియున్న లిక్టెన్‌స్టైన్ అను చిన్న రాజ్యమునందు, అచ్చటి రాజకుటుంబమునకు చెందిన ఎల్‌జీటీ బ్యాంకువారి ట్రస్టు శాఖనుండి ఒక కంప్యూటరు ఉద్యోగి రహస్యముగా నకలు తీసి కొనిపోయిన ఖాతాదారుల వివరములను లిక్టెన్‌స్టైన్ పత్రములని వ్యవహరింతురు. ఇవి 2008 ఫిబ్రవరిలో జర్మనీయందు బయటపడినవి. తరువాతి కాలమున వెలువడిన స్విస్, పనామా పత్రములతో పోల్చినచో పరిమాణమున ఇవి మిక్కిలి స్వల్పములు. అయినను పన్ను స్వర్గములనబడు దేశములలో దాచిన ధనమును గూర్చిన సమాచారమును ప్రభుత్వము కొనవచ్చునా, కొన్నదానిని నేరవిచారణలో వాడవచ్చునా, ఖాతాదారుల పేర్లను ఏ దశలో లోకమునకు చెప్పవచ్చును అను ప్రశ్నలు న్యాయస్థానముల యెదుట సూటిగా నిలిచినది వీని మూలముననే. కడపటి ప్రశ్నకు భారత సర్వోన్నత న్యాయస్థానము సమాధానము చెప్పినది. ఆ ధర్మాసనమునకు పెద్ద తెలుగువాడు. కావున ఈ వ్యాసమున ఆ భాగము కొంత విస్తరించి వ్రాయబడినది.

బ్యాంకు రహస్యమును కాపాడు శాసనముల చరిత్రను సాధారణముగా స్విట్జర్లాండుతో ప్రారంభింతురు. ఖాతాదారు వివరములను వెల్లడించుటను శిక్షార్హమైన నేరముగా జేసిన స్విస్ బ్యాంకుల చట్టము 1934 నవంబరు 8న ఆమోదము పొంది, 1935 మార్చి 1 నుండి అమలులోనికి వచ్చెను. గ్రంథములలో రెండు సంవత్సరములును కనబడుటకు కారణమిదియే. నాజీల దోపిడినుండి యూదుల ధనమును రక్షించుటకే ఈ చట్టము పుట్టినదను వృత్తాంతము బహుళ ప్రచారము పొందినది గాని, 1966లో ఒక స్విస్ బ్యాంకు తన సమాచార పత్రికలో ప్రకటించిన తరువాతనే అది వ్యాప్తిలోనికి వచ్చెనని చరిత్రకారులు చూపియున్నారు. ఇంతకంటె నమ్మదగిన వృత్తాంతము మరియొకటి కలదు. 1932 అక్టోబరులో పారిస్ పోలీసులు బాసెల్ వాణిజ్య బ్యాంకు ప్రతినిధులు మకాము చేసిన గదులను సోదాచేయగా, పన్ను ఎగవేసి అచ్చట ధనముంచిన ఫ్రెంచి ప్రముఖుల పట్టీ దొరకెను. మరుసటి నెల ఫాబియెన్ ఆల్బెర్తిన్ అను సోషలిస్టు సభ్యుడు చట్టసభలో సెనేటర్లు మొదలగువారి పేర్లు కొన్నింటిని చదివి వినిపించెను. ఆ అలజడియు, 1931లో జర్మన్ బ్యాంకులు కూలుటచే పుట్టిన భయమును గలిసి స్విస్ చట్టమునకు దారితీసినవనుట సమంజసముగా దోచుచున్నది. అనగా రహస్యశాసనమే ఒక రహస్యము బయల్పడుటకు ప్రతిక్రియగా జనించినదన్నమాట.

లిక్టెన్‌స్టైన్ అంతకు ముందే, 1926 నాటి వ్యక్తుల, సంస్థల చట్టముతో ఈ మార్గమున అడుగుపెట్టెను. ఆ చట్టము కల్పించిన సాధనములలో ముఖ్యమైనది ఫౌండేషను. అది పనిచేయు విధమును కొంచెము దగ్గరగా చూడవలెను. ధనికుడు తన ధనమును ఫౌండేషనుకు ధారాదత్తము చేయును. చట్టము దృష్టిలో ఆ క్షణమునుండి అది వానిది కాదు. స్థాపకుడుగా కాగితముపై కనబడువాడు స్థానిక న్యాయవాదియో, ట్రస్టు కంపెనీయో అయి యుండును. బ్యాంకు ఖాతా ఫౌండేషను పేరిట తెరువబడును. ఆదాయము బ్రతికియున్నంత కాలము ఎవరికి చెందవలెను, ఆపైన భార్యకు ఎంత, సంతానమునకు ఎంత అను సంగతులన్నియు ఉపనిబంధనావళి యను వేరొక పత్రమున వ్రాయబడును. అది ఏ ప్రభుత్వ కార్యాలయమునందును దాఖలు కాక, ట్రస్టు కంపెనీ దస్త్రములలోనే పడియుండును. మనదేశపు బినామీ వ్యవహారమున ఆస్తి మరియొక మనుష్యుని పేర నుండును, వెదకినచో ఆ మనుష్యుడైనను దొరకును; ఇచ్చట పేరుగలది సంస్థ, ఆ సంస్థకు యజమాని యనువాడే లేడు. కాగితమునకు మనిషికి గల సంబంధము ఆనాడు తెలిసినవారు ఆ నాలుగు గోడల లోపలివారు మాత్రమే. పన్ను అధికారి ఎంత సమర్థుడైనను ఎవరిని గూర్చి అడుగవలెనో తెలియనిదే ప్రశ్న వేయజాలకుండెను. పేరు తెలియనిదే ఆ దేశము సమాధానమీయకుండెను. ఉద్యోగులు ఎత్తుకొనిపోయిన పత్రములకు ఇంతటి ప్రాముఖ్యము రావలసివచ్చినది ఇందువలననే.

పత్రములు తీసినవాడు హైన్రిష్ కీబర్. ట్రస్టు శాఖలోని పాత కాగితపు దస్త్రములను కంప్యూటరునకెక్కించు పనిలో ఉండి, 2002 ప్రాంతమున అతడు వానికి నకళ్ళు తీసెనని పలువురి మతము. బ్యాంకువారు అతనిని దొంగయనియు, బెదిరించి లాభము పొందజూచినవాడనియు వర్ణింపగా, అతడు తనకు న్యాయము దొరకక ఈ పనికి పూనుకొంటినని చెప్పుకొనెను. ఉద్దేశము ఎట్టిదైనను, 2006లో అతడు ఆ పత్రములను జర్మన్ గూఢచారి శాఖకు విక్రయించెను. ధర 42 లక్షల యూరోలని కొందరును, 50 లక్షల వరకని కొందరును వ్రాసిరి. బ్యాంకు ఒప్పుకొన్న లెక్క ప్రకారము వీనిలో సుమారు 1400 ఖాతాల వివరములుండగా, అందు 600 జర్మనీ నివాసులవి. లబ్ధిదారులను వేరువేరుగా లెక్కించిన పక్షమున సంఖ్య ఇంతకంటె చాల పెద్దదగును.

2008 ఫిబ్రవరి 14న జర్మన్ తపాలా సంస్థయగు డాయిచె పోస్ట్ అధిపతి క్లాస్ జుమ్‌వింకెల్ ఇంటిపై జరిగిన సోదాను దేశమంతయు టెలివిజనులో చూచెను. మరుసటి జనవరిలో అతనికి రెండేండ్ల శిక్ష, అమలు నిలిపి, 10 లక్షల యూరోల జరిమానాతో విధింపబడెను. దొంగసొత్తు కొన్న ప్రభుత్వము దానితో పౌరుని ఇల్లు సోదాచేయుట ఎట్లు చెల్లునని మరియొక ఖాతాదారుడు జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానమును ఆశ్రయింపగా, 2010 నవంబరు 9న ఆ న్యాయస్థానము, ప్రాథమికమైన అనుమానమును ఏర్పరచుకొనుటకు అట్టి సమాచారమును వాడవచ్చునని నిర్ణయించెను.

భారతీయుల ఖాతాలకు సంబంధించిన భాగమును జర్మనీ ప్రభుత్వము ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందము క్రింద 2009లో ఢిల్లీకి అందజేసెను. అదే సంవత్సరము రామ్ జెఠ్మలానీ, రాజ్యాంగ పండితుడు సుభాష్ కశ్యప్, పోలీసు అధికారిగా ప్రసిద్ధుడైన కె. పి. ఎస్. గిల్ మొదలగువారు సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసి, ఆ పేర్లు వెల్లడి కావలెననియు, దర్యాప్తును న్యాయస్థానము పర్యవేక్షింపవలెననియు కోరిరి. ఒప్పందమునందలి గోప్యతా నిబంధన అడ్డుపడుచున్నదని కేంద్రప్రభుత్వము వాదించెను.

2011 జులై 4న తీర్పు వెలువడెను. నేటి తెలంగాణమునందలి రంగారెడ్డి జిల్లాకు చెందిన న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డి, న్యాయమూర్తి ఎస్. ఎస్. నిజ్జర్ గల ఆ ధర్మాసనము, తన పెద్ద పదవీ విరమణకు కొద్ది దినముల ముందు చెప్పిన ఈ తీర్పున రెండు మాటలు స్పష్టముగా చెప్పెను. ఒప్పందము పేరిట ప్రభుత్వము పౌరులకు సమాచారమును దాచరాదనునది మొదటిది. ప్రాథమిక హక్కుల రక్షణకై న్యాయస్థానమునకు వచ్చినవారికి సత్యమును అందనీయకుండుట రాజ్యాంగ విరుద్ధమనెను. రెండవది పై దానికి ప్రతికూలముగా గనిపించును గాని, నిజమునకు దాని పూరకము. విదేశమున ఖాతా కలిగియుండుట మాత్రమే దోషము కాదు గనుక, తప్పు చేసినట్లు తొలిచూపునకైనను తేలక మునుపే ఒకని పేరు బయటపెట్టుట 21వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమైన ఆంతరంగికతకు భంగకరమని ధర్మాసనము నిర్ణయించెను. దర్యాప్తు పూర్తిగానో, కొంతవరకో ముగిసి, షోకాజ్ నోటీసులు జారీయై చర్యలు మొదలైనవారి పేర్లు వెల్లడింపవలెను. విచారణ నడుచుచు, ఏ దోషమును ఇంకను తేలనివారి పేర్లు అక్కరలేదు. ఆంతరంగికత యనగా రాజ్యము మాత్రమే చొరబడకుండుట కాదు, తోటిజనుల చొరబాటునుండి కాపాడుటయు రాజ్యము బాధ్యతయే యని ఆ తీర్పు గుర్తుచేసెను. ఆ తీర్పే ఏర్పరచిన ప్రత్యేక దర్యాప్తు బృందమునకు అధ్యక్షుడుగా నియమింపబడిన మాజీ న్యాయమూర్తి బి. పి. జీవన్‌రెడ్డియు తెలుగువారే, అయితే కేంద్రము తీర్పును ఉపసంహరింపుమని కోరుటచే మూడేండ్లు గడచి, 2014లో న్యాయమూర్తి ఎం. బి. షా అధ్యక్షతన బృందము ఏర్పడెను.

బ్యాంకు కాగితములు ఎవరివి అను ప్రశ్నకు సర్వోన్నత న్యాయస్థానము ఇంతకు ఏడేండ్ల ముందే హైదరాబాదునుండి వచ్చిన వ్యాజ్యమున సమాధానము చెప్పియుండుట ఈ వివాదమును గూర్చి వ్రాయువారు తరచుగా మరచు సంగతి. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్టాంపుల చట్టము 73వ సెక్షనును సవరించి, కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను బ్యాంకులలో ప్రవేశించి, స్టాంపు సుంకము తగ్గినదేమో చూచుటకు ఖాతాదారుల పత్రములను పరిశీలించి, నకళ్ళు తీసికొని, అవసరమైనచో స్వాధీనపరచుకొనవచ్చునని ఏర్పాటు చేసెను. కారణము వ్రాయవలసిన పనిలేదు. అధికారి ఎట్టివాడై యుండవలెనో చట్టము చెప్పలేదు. హైకోర్టు దీనిని కొట్టివేయగా, హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు పేరిట రాష్ట్రప్రభుత్వము కెనరా బ్యాంకుపై అప్పీలు చేసెను. 2004 నవంబరు 5న ప్రధాన న్యాయమూర్తి ఆర్. సి. లహోటీ ధర్మాసనము అప్పీలును త్రోసిపుచ్చుచు, ఆంతరంగికత మనుష్యులకు చెందినది గాని స్థలములకు చెందినది కాదనియు, తన పత్రమును బ్యాంకునకు అప్పగించినంత మాత్రమున పౌరుడు దానిపై గల గోప్యతను పోగొట్టుకొనడనియు తెలిపెను. బ్యాంకునకిచ్చిన సమాచారముపై ఖాతాదారునకు గోప్యత ఆశింప వీలులేదని 1976లో అమెరికా సుప్రీంకోర్టు మిల్లర్ కేసున చెప్పిన మార్గమును మన న్యాయస్థానము అనుసరింపలేదు. 2017లో పుట్టస్వామి కేసున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆంతరంగికతను ప్రాథమిక హక్కుగా స్థిరపరచునపుడు ఈ హైదరాబాదు తీర్పును ఆధారములలో ఒకటిగా గ్రహించిరి.

2014 ఏప్రిల్‌లో కేంద్రము లిక్టెన్‌స్టైన్ జాబితాలోని 26 మందిలో 18 మంది పేర్లను ప్రకటించి, సాక్ష్యము దొరకనివారిగా తలచిన 8 మంది పేర్లను సీల్డ్ కవరులో నుంచెను. జెనీవాలోని హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకునుండి ఎర్వే ఫాల్చియానీ అను ఉద్యోగి తెచ్చిన పత్రములలో భారతీయులకు సంబంధించినవి 2011లో ఫ్రాన్సునుండి వచ్చినవి. ఈ పేర్ల సంఖ్యను 628 అనియు, 2014 అక్టోబరు 29న న్యాయస్థానమున దాఖలైన కవరునుబట్టి 627 అనియు వ్రాయుదురు. 2015 ఫిబ్రవరిలో పరిశోధక పాత్రికేయుల అంతర్జాతీయ కూటమి ప్రకటించిన జాబితాలో భారతీయుల సంఖ్య 1195కు పెరిగెను.

ఆ సంవత్సరమే వచ్చిన నల్లధన చట్టము అప్రకటిత విదేశీ ఆదాయముపై నూటికి 30 వంతు పన్నును, దానికి మూడింతల జరిమానాను విధించినది. సెప్టెంబరు వరకిచ్చిన గడువులో 644 మంది సుమారు 4,164 కోట్ల రూపాయలు ప్రకటించిరి. తొలి ప్రకటనలలోని సంఖ్యలు దీనికంటె కొంత తక్కువ. విదేశములకు తరలిన ధనమును గూర్చి లక్షల కోట్ల లెక్కలు సభలలో వినబడుచుండిన కాలమున, ఈ మొత్తము చూచి నిరాశపడినవారు పలువురు. అయితే ఆ పెద్ద లెక్కలు పరస్పర విరుద్ధములు. దేనిని గూడ నిర్ధారితముగా గ్రహింపరాదు. అమెరికాలో ఉద్యోగము చేసి తిరిగివచ్చిన తెలుగు కుటుంబముల వంటివారికి, అచ్చటి బ్యాంకులో పాత పొదుపు ఉండుట విదేశీ మారక నిర్వహణ చట్టము (ఫెమా) 6వ సెక్షను ప్రకారము నిర్దోషమే. దానిని ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపకుండుటయే 10 లక్షల రూపాయల జరిమానాకు గురిచేయవచ్చును. ఇట్టివారిని నల్లకుబేరులతో ఒకే గాటకట్టుట అన్యాయము.

2016 ఏప్రిల్ 3న వెలువడిన పనామా పత్రములు 1 కోటి 15 లక్షలు. 2,14,488 సంస్థలకు చెందినవి. మొసాక్ ఫోన్సెకా అను పనామా న్యాయవాద సంస్థ కాగితములకు వెనుకటి తేదీ వేయుటకు నెలకు 8.75 డాలర్ల చొప్పున ధర నిర్ణయించుకొన జూచిన 2007 నాటి ఉత్తరప్రత్యుత్తరములు అందు కనబడినవి. ఇట్టి చిన్న ఉత్తరమే వ్యాపార స్వరూపమును పట్టియిచ్చును. ఈ పత్రముల మూలమున ఐస్లాండు ప్రధాని పదవి వీడెను. పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ 2017 జులై 28న అనర్హుడాయెను, అయితే అందుకు న్యాయస్థానము చూపిన కారణము పనామా కంపెనీలు గాక, దుబాయి కంపెనీనుండి రావలసిన జీతమును ప్రకటింపకుండుట. 2024 జూన్‌లో పనామా న్యాయస్థానము 28 మంది నిందితులను విడిచిపెట్టెను. కంప్యూటర్లనుండి సేకరించిన సాక్ష్యము చేతులు మారిన క్రమము సందేహాస్పదమైనదని చెప్పెను. పనామా పత్రములకు ముందే, 2012లో, గ్రీసు సంపాదకుడు కోస్తాస్ వాక్సెవానిస్ సుమారు రెండువేల స్విస్ ఖాతాదారుల పేర్లు ప్రచురించి, గోప్యతాభంగ నేరముపై విచారింపబడి నిర్దోషిగా విడుదలయ్యెను. ప్రభుత్వము రెండేండ్లు పెట్టెలో దాచిన జాబితాను పాత్రికేయుడు ప్రకటించుట ప్రజాహితమే. కాని ఆ రెండువేలమందిలో పన్ను చెల్లించినవారు ఎందరో ఆ పట్టిక చెప్పలేదు. ఈ కారణముననే, దోషము తొలిచూపునకైనను తేలుటను హద్దుగా గీచిన 2011 నాటి తీర్పు, పూర్ణవెల్లడి కోరువారి వాదమునకంటెను, సంపూర్ణ రహస్యము కోరువారి వాదమునకంటెను గట్టిదని ఈ సంకలనకర్త అభిప్రాయము. ఆ హద్దు కుటుంబపు పొదుపునకు వర్తించునే గాని, యజమాని కనబడని డొల్ల కంపెనీకి అదే రక్షణ ఉండవలెననుట ఎట్టి సూత్రమునకును నిలువదు.

ఈ భేదమును గూర్చి ఐరోపాలో నేటికిని చర్చ తెగలేదు. కంపెనీల నిజ యజమానుల రిజిస్టరును సర్వజనులకు తెరచియుంచు నిబంధనను 2022 నవంబరు 22న ఐరోపా న్యాయస్థానము లక్సెంబర్గు వ్యాజ్యమున రద్దుచేయగా, 2024 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశము పాత్రికేయులకు, పౌరసంఘములకు ప్రవేశమును పునరుద్ధరించెను. పన్ను అధికారుల నడుమ 2017 నుండి ఖాతా వివరములు అడుగకయే ఏటేట మార్పిడి యగుచున్నవి. స్విట్జర్లాండునుండి భారతదేశమునకు మొదటి విడత 2019 సెప్టెంబరులో చేరెను. ఈ వివరములును ఒప్పందపు గోప్యతా నిబంధనతోనే వచ్చుచున్నవి గనుక, సంఖ్యలు పార్లమెంటు సమాధానములలో కనబడును గాని పేర్లు కనబడవు.