ఉప్పు చేతికిస్తే తగాదాలొస్తాయా?

మా ఒంగోలు వైపు ఇళ్లలో ఉప్పు చేతికివ్వరు. ఎవరైనా అడిగితే గిన్నె కింద పెడతారు, కావలసినవాళ్లు వంగి తీసుకోవాలి. చేతికిస్తే ఇద్దరికీ తగాదా వస్తుందని నమ్మకం. దీపాలు పెట్టాక పొరుగింటికి ఉప్పు బదులివ్వటం కూడా ఉండదు. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై అయిదేళ్లు పనిచేసి, ఢిల్లీలో రిటైరయి, హేతువాద సంఘంలో సభ్యుడిగా ఉపన్యాసాలు కూడా ఇస్తున్న నాకు ఈ రోజుకీ మా ఇంట్లో ఉప్పు చేతికి రాదు. "ఏమండీ, అక్కడ పెట్టాను, తీసుకోండి" అంటుంది మా ఆవిడ. నేను నవ్వుతాను. ఆమె కూడా నవ్వుతుంది. డబ్బా మాత్రం గట్టు మీదే ఉంటుంది.

ఈ నమ్మకానికి ఆధారం లేదని చెప్పటం సులభం. కాని "ఉప్పు వల్ల తగాదాలు రావు" అని కూడా అనేశామంటే చరిత్ర ఒప్పుకోదు. వచ్చాయి, చాలా పెద్దవే వచ్చాయి. చేతికివ్వటం వల్ల కాదు, చేతికి అందనివ్వకపోవటం వల్ల. కిందటి చలికాలంలో ఆ జాడలు చూద్దామని మూడు రోజులు పెట్టుకుని గుర్గావ్ పక్కనున్న సుల్తాన్‌పూర్ నుంచి రాజస్థాన్‌లోని సాంభర్ దాకా వెళ్లొచ్చాను. ఆ ప్రయాణంలో నా తప్పు కూడా ఒకటి దొరికింది. అదీ చెబుతాను.

సుల్తాన్‌పూర్ అంటే ఇప్పుడు అందరికీ పక్షులే గుర్తుకొస్తాయి. చిన్న జాతీయ ఉద్యానవనం, విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లయినా లేదు. 2021లో రామ్‌సర్ జాబితాలో చేరింది. శని, ఆదివారాల్లో కెమెరాలు పట్టుకుని జనం వస్తారు. అయితే గత శతాబ్దం మొదట్లో ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది పక్షులు కాదు, ఉప్పు. సముద్రానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉప్పు పండించారంటే నమ్మబుద్ధి కాదు. ఇది పల్లపు భూమి. ఆరావళి కొండల నుంచి వచ్చే సాహిబీ నది నీరు నజఫ్‌గఢ్ పల్లానికి చేరి నిలిచిపోయేది. ఎండకి నీరు ఆవిరైపోతే లవణాలు మట్టిలో, భూగర్భ జలంలో మిగిలిపోయేవి. బావి తవ్వితే ఉప్పునీరు పడేది. దాన్ని తోడి మళ్లలో పోసి ఎండబెట్టేవారు. మన కనుపర్తి, చినగంజాం ఉప్పు కొఠార్లలో జరిగే పనే. అక్కడ సముద్రపు నీరు, ఇక్కడ బావినీరు, అంతే తేడా.

పక్కనే ఫరూఖ్‌నగర్. మొగలు చక్రవర్తి ఫరూఖ్‌సియర్ పేరు మీద వెలసిన ఊరు. అక్కడి ఆఖరి నవాబును 1857 తిరుగుబాటులో పాల్గొన్నాడని 1858లో ఉరితీశారు. తర్వాత ఆ ఊరు ఉప్పు వ్యాపారంతో బతికింది. 1873లో ఢిల్లీ నుంచి రేవాడీకి మీటర్ గేజ్ రైలు మార్గం వేసినప్పుడు, గఢీ హర్‌సరూ నుంచి ఫరూఖ్‌నగర్‌కు ఒక పాయ విడదీశారు. ఇంత చిన్న ఊరికి అంత తొందరగా రైలెందుకు వచ్చిందంటే జవాబు ఉప్పే. ఆ పాయ ఇప్పుడు బ్రాడ్ గేజ్ అయింది, ఇంకా అక్కడితోనే ఆగిపోతుంది. నేను దిగిన రైల్లోంచి పదిమంది కూడా దిగలేదు.

తమాషా ఏమిటంటే, ఏ రైలు ఈ ఉప్పుకోసం వచ్చిందో ఆ రైలే దీన్ని చంపింది. 1870ల మధ్యకల్లా పట్టాలు రాజపుతానా లోపలికి సాగాయి. తక్కువ ఖర్చుతో తయారయ్యే సాంభర్ ఉప్పు బండ్ల కొద్దీ ఢిల్లీ బజారుకు రావటం మొదలైంది. మేవాత్‌లోని నూహ్ దగ్గర కూడా ఇలాంటి ఉప్పు పరిశ్రమే ఉండేది. సాంభర్ పోటీకి అది ముందే మూతపడింది. సుల్తాన్‌పూర్ ఇరవయ్యో శతాబ్దం తొలి పాతికేళ్ల దాకా ఈడ్చింది. తర్వాత బావులు పూడిపోయాయి, ఉప్పునేల మిగిలింది, పల్లంలో నీళ్లు నిలిచాయి, పక్షులు దిగాయి. ఇప్పుడు ఆ పక్షుల కోసం కాలువ నీళ్లు తెచ్చి పోస్తున్నారు. మనం "ప్రకృతి" అని చూసి మురిసిపోతున్నదానికి అడుగున ఒక మూతపడ్డ పరిశ్రమ లెక్కలున్నాయి.

ఇక తగాదా సంగతి. ఆంగ్లేయుల ఏలుబడిలో ఉత్తరాదిన ఉప్పు మీద మణుగుకు సుమారు 3 రూపాయల పన్ను ఉండేది. ఇక్కడి మణుగంటే దాదాపు 37 కిలోలు, మన మద్రాసు మణుగులా పదకొండు కిలోలు కాదు. ఆ ఉప్పు తయారీ ఖర్చు అణాల్లో ఉండేది, పన్ను రూపాయల్లో ఉండేది. లెక్కలు తెలిసినవాడికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. సరుకుకీ పన్నుకీ మధ్య అంత తేడా ఉన్నచోట దొంగ రవాణా పుట్టి తీరుతుంది. సాంభర్ వంటి ఉప్పు వనరులన్నీ రాజపుత్ర సంస్థానాల్లో ఉన్నాయి. అక్కడి ఉప్పు పన్ను కట్టకుండా ఇవతలికి రాకూడదు. అందుకని కంచె వేశారు.

ఇది కట్టుకథ కాదు, సర్కారు రికార్డుల్లో ఉన్న విషయం. 1869 నాటికి సింధు నది దగ్గర నుంచి మహానది దాకా, ఢిల్లీ మీదుగా, దాదాపు 2300 మైళ్ల కాపలా గీత. కాపలాకు సుమారు 12,000 మంది. ఆ గీతలో చాలా భాగం ముళ్ల కంచె. తుమ్మ, రేగు, వాక, నాగజెముడు నాటి, నీళ్లుపోసి పెంచారు. బాగా పెరిగినచోట పదడుగుల పైన ఎత్తు, ఆరేడడుగుల మందం. రాయ్ మాక్సమ్ అనే ఆంగ్ల రచయిత పాత పటాలు పట్టుకుని ఈ కంచెను వెతికి 2001లో పుస్తకం రాసేదాకా మనలో చాలామందికి దీని పేరే తెలియదు. గుప్పెడు ఉప్పు కొంగున కట్టుకొచ్చిన ఆడమనిషిని కూడా తడిమి చూసే అధికారం ఆ కాపలావాడికి ఉండేది. తగాదా అంటే ఇది.

కంచె 1879 ఏప్రిల్ 1న పోయింది. దయతో తీసేశారనుకోకండి. 1867 నుంచి 1870 దాకా ఆ శాఖ కమిషనర్‌గా ఉన్నవాడు ఆలన్ ఆక్టేవియన్ హ్యూమ్, తర్వాత కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన హ్యూమే. ఉప్పు పుట్టేచోటునే చేతిలో పెట్టుకుంటే కంచెతో పనిలేదన్నది లెక్క. సంస్థానాధీశులతో బేరాలు సాగాయి. 1870లో జైపూర్, జోధ్‌పూర్ రాజుల నుంచి సాంభర్ సరస్సును కౌలుకు తీసుకున్నారు. మిగతా వనరులు కూడా ఒక్కొక్కటే చేతికొచ్చాక పన్ను మళ్ల దగ్గరే వసూలైంది, కంచె ఎండిపోయింది. పన్ను మాత్రం 1947 దాకా ఉంది. 1930లో మా జిల్లా దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులు ఉప్పు వండింది ఈ పన్ను మీదే.

హ్యూమ్ గురించి మనవాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకోటుంది. దొంగ ఉప్పు పట్టడంలో అంత ఆరితేరినవాడు, పక్షిశాస్త్రంలో పేరు మోసినవాడు, 1880లో సిమ్లాలో తన భార్య పోగొట్టుకున్న నగ బ్లావట్‌స్కీ "మహిమ"తో తోటలో దొరికిందంటే నమ్మాడు. కొన్నేళ్లకు అనుమానం ముదిరి విడిపోయాడనుకోండి. ఒక రంగంలో పరిశీలనాశక్తి ఉన్నంత మాత్రాన అన్నిటా ఉంటుందని లేదు. ఈ మాట నాకూ వర్తిస్తుందని సాంభర్‌లో తెలిసింది.

ఫులేరాలో రైలు మారి సాంభర్ చేరాను. స్టేషను దాటితే కనుచూపు మేర తెల్లటి బయలు. నీళ్లు నిండినప్పుడు ఈ సరస్సు 190 నుంచి 230 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలంలో చాలాభాగం పగుళ్లిచ్చిన నేల. మధ్యగా దాదాపు 5 కిలోమీటర్ల పొడవున రాతి ఆనకట్ట. పడమటి వైపు నీటిని దీని తూములగుండా తూర్పున మళ్లలోకి వదులుతారు. నీరు చిక్కబడేకొద్దీ మళ్లు గులాబీ రంగుకు, ఎరుపుకు తిరుగుతాయి. దేవత రక్తమూ కాదు, రసాయనమూ కాదు, ఉప్పులోనే బతికే సూక్ష్మజీవుల రంగు అది. ఉప్పు మోసిన చిన్న ట్రాలీ పట్టాలు తుప్పుపట్టి అక్కడక్కడా కనిపిస్తాయి. ఇదంతా ఎడారే, కాని దేవుడు చేసిన ఎడారి అనలేం. గట్లు, తూములు, పట్టాలు, పంపులు కలిసి చేసినది.

సరస్సు మధ్యలోకి చొచ్చుకొచ్చిన గుట్ట దగ్గర శాకంభరీ దేవి గుడి ఉంది. పూజారి కథ చెప్పాడు. అమ్మవారు ప్రసన్నురాలై ఈ నేలంతా వెండి చేసిందట. వెండి కోసం కొట్టుకు చస్తామని జనం భయపడి మొరపెట్టుకుంటే దాన్ని ఉప్పుగా మార్చిందట. నాకు మా ఇంటి ఉప్పు డబ్బా గుర్తొచ్చింది. తగాదాలు రాకుండా ఉండాలని వెండిని ఉప్పు చేస్తే, ఆ ఉప్పు కోసమే పన్నెండు వేల మంది కాపలా కాశారు!

"ఇదంతా పూర్వం సముద్రమండీ, టెథిస్ సముద్రం ఇంకిపోతే ఉప్పు మిగిలింది" అన్నాను పూజారితో. ఈ మాట నేను మా సంఘం సభలో కూడా రెండుసార్లు చెప్పాను. అమ్మవారి కథకు ఇది శాస్త్రీయమైన జవాబు అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, నాది కూడా విన్నమాటేనని. 1908 వేసవిలో హాలండ్, క్రిస్టీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రాజపుతానాలో గాలిలోని ఉప్పును కొలిచారు. వేసవి నైరుతి గాలులు కచ్ రణ్ నుంచి ఉప్పుధూళిని వందల కిలోమీటర్లు మోసుకొస్తాయని, ఆ నాలుగు నెలల్లోనే అది సుమారు 1,30,000 టన్నులుండొచ్చని అంచనా కట్టారు. ఆ ధూళిని వాన కడిగి, బయటికి దారిలేని ఈ పల్లంలో పోస్తుంది, ఎండ నీటిని తీసుకుపోతుంది. గాలి వాటా ఎంత, రాళ్లు అరగటం వల్ల వచ్చే లవణాల వాటా ఎంత అన్న వాదం తర్వాత కూడా సాగింది. అయితే థార్ ఉప్పు సరస్సుల నీటికి చేసిన ఐసోటోపు పరీక్షలు అది సముద్రపు నీటి శేషం కాదని, వాననీరేనని తేల్చాయి. పూజారికి నేను చెప్పినది కూడా ఒక పురాణమే. శాస్త్రం మాటల్లో ఉంది కాబట్టి నేను రుజువు అడగలేదు.

సాంభర్ కథ అక్కడ ముగియలేదు. 2019 నవంబరులో ఈ సరస్సులో పద్దెనిమిది వేలకు పైగా పక్షులు చచ్చిపోయాయి. రకరకాల పుకార్లు లేచాయి. కళేబరాలను పరీక్షిస్తే కారణం ఏవియన్ బొటులిజం అనే బాక్టీరియా విషమని తేలింది. చచ్చిన పక్షుల మీది పురుగులను తిని మరిన్ని పక్షులు చచ్చాయి. చుట్టూ అక్రమంగా బోర్లు వేసి ఉప్పునీరు తోడటం మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వ్యాజ్యాలు నడిచాయి. తగాదా ఇప్పుడు రాజులకీ కంపెనీకీ మధ్య కాదు, పక్షులకీ పంపులకీ మధ్య.

ఇంతకీ ఉప్పు మీదే పన్ను ఎందుకు వేశారు? ఉప్పు తినని మనిషి ఉండడు కనుక. బీదవాడైనా తప్పించుకోలేడు. ఇదే సత్యాన్ని తిరగేసి వాడినవాడు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వి. రామలింగస్వామి. 1956లో మొదలైన అధ్యయనంలో ఆయన, ఆయన సహచరులు హిమాలయాల కింది కాంగ్రా లోయను మూడు భాగాలు చేశారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు అందించారు. గొంతువాపు, అంటే గాయిటర్, అక్కడ తరతరాలుగా ఉంది. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న భాగాల్లో బాగా తగ్గింది, మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. అప్పుడు మూడోదానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. తాయెత్తు లేదు, మొక్కు లేదు. పోల్చి చూడటానికి ఒక భాగం అట్టిపెట్టుకోవటం, ఫలితం వచ్చేదాకా ఓపిక పట్టటం, అంతే. నేను టెథిస్ గురించి మాట్లాడేముందు చేయవలసింది కూడా ఇలాంటిదే.

చేతికి ఉప్పివ్వకూడదన్న నమ్మకం పన్ను రోజుల్లోనే పుట్టిందని చెప్పి ఈ వ్యాసం ముగించాలని నాకు ఆశగా ఉంది. చక్కగా అతుకుతుంది కూడా. కాని ఆధారం లేదు. ఉప్పు ఒలికితే అరిష్టమనే నమ్మకం యూరపులోనూ ఉంది. అందుకని ఆ మాట అనను. ఒకసారి తప్పు చేశాను, అది చాలు.

ఇంటికొచ్చాక సాంభర్‌లో కొన్న ఉప్పు పొట్లం తీసి మా ఆవిడ చేతికే ఇచ్చాను. ఆవిడ ఒక్క క్షణం చూసి తీసుకుంది. ఇది జరిగి నాలుగు నెలలైంది. తగాదాలు ఎప్పుడూ ఉన్నన్నే ఉన్నాయి. అయితే పోల్చుకోవటానికి ఇంకో ఇల్లు లేదు కాబట్టి దీన్ని కూడా నేను రుజువుగా చూపించటం లేదు.