ఊరి వీథి, బండి వేగము

1896 జనవరిలో ఇంగ్లండునందలి కెంటు మండలమున వాల్టర్ ఆర్నాల్డు అను నతడు పాడక్‌వుడ్ గ్రామవీథి గుండా తన మోటారు బండిని గంటకు 8 మైళ్ల వేగముతో నడిపెను. ఆ వీథిలో చట్టము అనుమతించిన వేగము 2 మైళ్లు మాత్రమే. గ్రామపు కానిస్టేబులు అది చూచి, సైకిలెక్కి, 5 మైళ్ల దూరము వెంటాడి బండిని పట్టుకొనెను. వేగము మీరిన నేరమునకు పడిన జరిమానా ఒక షిల్లింగు. మోటారు వేగమునకై ఆ దేశమున శిక్ష పడిన మొదటివాడు ఇతడేయని చెప్పుదురు.

ఈ కథ విన్నవారెల్ల నవ్వుదురు. సైకిలు మోటారును పట్టుకొన్న దినములు గదా! కాని మేము ఇందు చూచునది వేరొకటి కలదు. ఆ 2 మైళ్ల హద్దు పాడక్‌వుడ్ గ్రామము పెట్టుకొన్నది కాదు. 1865లో పార్లమెంటు చేసిన చట్టము అది. ఆవిరి బండ్లు ఊళ్లలో 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు మించరాదనియు, బండికి 60 గజముల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టి నడువవలెననియు అది శాసించెను. 1878లో జెండా నియమము తొలగెను. ముందు నడచు మనిషి మాత్రము మిగిలెను. అంతటి కఠినశాసనమును చేయుటలోగాని, దానిని సడలించుటలోగాని ఏ ఊరినీ అడిగినవారు లేరు. తన వాకిటి ముందు బండ్లు ఎంత వేగమున పోవలెనో ఊరు తానే చెప్పుకొనుటకు అచ్చట నూరేండ్లకు పైగా పట్టెను.

అదే సంవత్సరము ఆగస్టు 17న లండనులోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణమున బ్రిడ్జెట్ డ్రిస్కల్ అను నామె మోటారు తగిలి మరణించెను. ఇట్టిది మరల జరుగకుండుగాక యని మరణవిచారణాధికారి ఆశించెను. మూడు నెలలు నిండకముందే, నవంబరు 14న, కొత్త చట్టము అమలునకు వచ్చి వేగపు హద్దును 14 మైళ్లకు పెంచెను. దానిని లోకల్ గవర్నమెంటు బోర్డు 12కు తగ్గించెను. పేరు చూచి భ్రమపడరాదు. ఇది ఏ ఊరి బోర్డును కాదు. లండనులో కూర్చుండి ఊళ్ల వ్యవహారములను చూచుచుండిన ప్రభుత్వశాఖ.

1904 జనవరి 1 నుండి అమలైన మరియొక చట్టము హద్దును 20 మైళ్లు చేసెను. బండికి నంబరు పలక ఉండవలెనన్న నియమమును దానితోనే వచ్చెను. మన కథకు ముఖ్యమైనది అందలి ఒక చిన్న ఉపవిధి. ప్రజల క్షేమముకొరకు ఏ స్థానిక సంస్థయైనను కోరినచో, ఆ బోర్డు సమ్మతించి, ఆ ప్రదేశమున వేగమును 10 మైళ్లకు పరిమితము చేయవచ్చును. అనగా అడుగుట ఊరి వంతు, ఇచ్చుట లండను వంతు. అప్పటి పల్లెబాటలకు తారు లేదు. ధనికుల బండి ఒకటి పోయెనన్న దుమ్ము ఇంటిలోనికి, పెరటి మొక్కలమీదికి, ఆరవేసిన బట్టలమీదికి వచ్చి పడుచుండెను. ఊరివారికి ప్రాణభయము ఒకటి, ఈ దుమ్ము ఒకటి. బండివారికి పోలీసుల కాపు మాత్రమే బాధ.

ఆ బాధ తీర్చుకొనుటకు 1905లో మోటారువారు ఆటోమొబైల్ అసోసియేషను అను సంఘమును స్థాపించిరి. సంఘపు సేవకులు దారిలో నిలిచి, పోలీసులు పొంచియున్నారని బండివారిని హెచ్చరించుచుండిరి. 1910లో న్యాయస్థానము ఇట్టి హెచ్చరిక నేరమని తీర్పు చెప్పగా, వారు మరియొక ఉపాయము పన్నిరి. సంఘపు బిళ్ల గల బండి కనబడినచో సేవకుడు వందనము చేయును. చేయనిచో ముందు ప్రమాదమున్నదని బండివాడు గ్రహింపవలెను. వందనము చేయకపోవుటను నేరమనుట ఏ న్యాయాధిపతికి సాధ్యము!

ఎల్లరును మీరుచున్న శాసనము శాసనమునకే తలవంపు అను వాదము బలపడి, 1930లో పార్లమెంటు మోటారు కార్లకు వేగపు హద్దునే తొలగించెను. 1934లో బ్రిటను రోడ్లపై మరణించినవారు 7,343 మంది; గాయపడినవారు 2,31,603 మంది. నాటికి దేశమునగల బండ్లు 24 లక్షలు మాత్రమే. రవాణామంత్రి హోర్ బెలీషా కాలమున, 1935 మార్చి 18 నుండి, జనావాసములలో 30 మైళ్ల హద్దు వచ్చెను. ఇది నేటి లెక్కలో 48 కిలోమీటర్లు. జనావాసమనగా నేమి? 200 గజములకు మించని ఎడముతో వీథిదీపములున్న చోటు జనావాసము. ఊరు ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో చెప్పు భారము దీపస్తంభములపై పడెను. చిత్రమే యైనను, బండివాడు ఎదుట చూచి తెలిసికొనదగిన గురుతు ఇది యని మేము మెచ్చుకొందుము.

ఆ 30 అర్ధశతాబ్దికి పైగా కదలలేదు. కాని 30 మైళ్ల వేగమున వచ్చు కారు బండివాడు ప్రమాదమును చూచినపిమ్మట నిలుచుటకు 23 మీటర్లు పట్టునని ఆ దేశపు రహదారి నియమావళి చెప్పుచున్నది. 20 మైళ్ల వేగమున వచ్చినదానికి 12 మీటర్లు చాలును. బంతి వెంట వీథిలోనికి ఉరికిన పిల్లవానికి ఆ 11 మీటర్లలోనే బ్రతుకున్నది. 1991లో షెఫీల్డు, నార్విచ్, కింగ్‌స్టను పట్టణములలోని కొన్ని వీథులలో మొదటిసారిగా 20 మైళ్ల హద్దు పెట్టి, స్పీడు బ్రేకర్లు కట్టిరి. ఇట్టి ప్రదేశములను పరిశీలించి 1996లో ప్రకటించిన నివేదికలో ప్రమాదములు నూటికి 60 వంతులు, పిల్లలకు జరుగు ప్రమాదములు 67 వంతులు తగ్గినట్లు తేలెను. అయినను ప్రతి వీథికిని కేంద్రమంత్రి అంగీకారము కావలసియుండెను. 1999లోగాని ఆ నిబంధన తొలగలేదు.

అధికారము చేతికి వచ్చినంతమాత్రమున బండి నెమ్మదింపదు. 2008లో పోర్ట్స్‌మత్ నగరపు కౌన్సిలు నివాసవీథులన్నింటను దాదాపుగా 20 అని పలకలు పాతించెను, గట్లు కట్టలేదు. సగటు వేగము తగ్గినది 1.3 మైళ్లు మాత్రమే. అంతకుముందు బండ్లు మిక్కిలి వేగముగా పోవుచుండిన వీథులలో మాత్రము 6 మైళ్లకు పైగా తగ్గెను.

వేల్సులో కథ తలక్రిందులైనది. 2023 సెప్టెంబరు 17 నుండి వేల్సు ప్రభుత్వము జనావాసవీథులన్నింటికిని 20 మైళ్లే సామాన్యమైన హద్దని నిర్ణయించి, ఏ రోడ్డున 30 ఉండవలెనో కౌన్సిళ్లు వేరుగా తేల్చుకొనవలెననెను. సుమారు 31 లక్షల జనమున్న దేశమున దీనికి వ్యతిరేకముగా 4,69,000కు పైగా సంతకములు చేరెను. తగ్గించుటయే మంచిదని నమ్మువారమయ్యును, ఆ సంతకములను కేవలము తొందరపాటువారి గొణుగుడని మేము త్రోసివేయలేము. రాజధానినుండి వచ్చిన 30 ఎట్లో, రాజధానినుండి వచ్చిన 20యు అట్లే తమపై పడినదని పలువురికి తోచెను. 2024లో ప్రభుత్వమే మార్గదర్శక సూత్రములను సవరించి, ఏ వీథిని మరల 30కి మార్చవచ్చునో విమర్శించి చూడుడని కౌన్సిళ్లను కోరెను.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 112వ విభాగము ప్రకారము, ప్రజల క్షేమముకొరకుగాని సౌకర్యముకొరకుగాని, రోడ్డు లేక వంతెన స్వభావమునుబట్టిగాని వేగమును నిర్ణయించు అధికారము రాష్ట్రప్రభుత్వమునకును, అది నియోగించిన అధికారులకును కలదు. గెజెట్టులో ప్రకటించి, రోడ్డుపై పలక నాటవలెను. గ్రామపంచాయతీ తీర్మానము చేసి పంపవచ్చును. 1904 నాటి ఇంగ్లీషు పల్లెవలె అడుగవచ్చును. అడిగి అడిగి విసిగిన ఊళ్లలో ఏమి జరుగునో దారిన పోవువారెల్ల ఎరుగుదురు. బడి ముందు ఒక పిల్ల బండి క్రింద పడిన మరునాడే ఊరివారు పలుగులు పారలు పట్టి, రాయి మన్ను పోసి, రోడ్డుకు అడ్డముగా ఒక గట్టు వేయుదురు. దానికి తెల్లగీతలుండవు, ముందు పలక యుండదు. పగలు వచ్చు లారీ దానిని చూచి నెమ్మదించును. రాత్రి స్కూటరుపై వచ్చు పొరుగూరివానికి మాత్రము అది కనబడదు.