నెపోలియన్ కంచు ప్రతిమ – ఆదోని ఫిరంగులు

నెపోలియన్ బోనపార్టు ముఖాన్ని లోకానికి పరిచయం చేసిన ప్రతిమలలో ఫ్రెంచి శిల్పి షోదే చేసినది ముఖ్యమైనది. కిరీటం లేదు, సైనిక దుస్తులు లేవు. భుజాల వరకే ఉన్న తల, పొట్టి జుట్టు, రోమన్ చక్రవర్తుల ఠీవి. పాలరాతిలోను, కంచులోను దీనికి లెక్కలేనన్ని ప్రతులు వెలువడినాయి. 1838లో నెలకొన్న బార్బెడియన్ పోతశాల పెద్ద శిల్పాలను యంత్రంతో చిన్న కొలతకు తగ్గించి పోయసాగింది. దానితో కంచు ప్రతిమ మధ్యతరగతి ఇళ్లకు సయితం చేరింది.

కంచుకు మరొక రూపం ఫిరంగి. పారిస్‌లోని వాండోమ్ స్తంభానికి శత్రువుల నుండి పట్టిన ఫిరంగుల కంచునే తొడిగారు. 1810లో దాని శిఖరాన నిలిపిన నెపోలియన్ విగ్రహమూ షోదేదే. 1814లో అతడు పదవీచ్యుతుడు కాగానే దానిని దింపివేశారు. పిమ్మట నాలుగవ హెన్రీ రాజు విగ్రహపు పోతకు కరిగించారు.

ఫ్రెంచి సిపాయి ఆదోనికి కొత్తవాడు కాడు. నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ ఇక్కడి జాగీరులో ఫ్రెంచి దళాన్ని పోషించాడు. ఇంగ్లీషువారికి అదే కంటగింపు. 1779లో గుంటూరు విషయమై చేసుకున్న ఒడంబడికలో ఆ దళాన్ని పంపివేయడం ఒక షరతు. 1782లో బసాలత్ జంగ్ మరణించాడు. 1786లో టిపూ సుల్తాన్ నెల రోజులు ముట్టడించి కోటను పట్టాడు, బురుజులు కూల్పించి ఫిరంగులను గుత్తికి తరలించాడు. ఇరువైపులా ముస్లిం పాలకులే.

1799 జనవరి 25న (హిజ్రీ 1213) బోనపార్టు కైరో నుండి టిపూకు స్నేహం కోరుతూ లేఖ వ్రాశాడు. అది దారిలోనే ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. మే 4న సుల్తాన్ షహీద్ అయ్యాడు. ఆ లేఖను చూచి మురిసిపోయేవారు మూడు నెలలు వెనుకకు చూడాలి. 1798 జులైలో ఇస్లాం పట్ల గౌరవం చాటుతూ అరబ్బీలో ప్రకటన వేయించినవాడే, అక్టోబరులో కైరో ప్రజలు తిరుగబడగా అల్ అజ్‌హర్ మీదికి ఫిరంగులు గురిపెట్టించాడు. సైనికులు గుర్రాలతో మసీదులో చొరబడ్డారు. నాటి చరిత్రకారుడు అల్ జబర్తీ దీనిని గ్రంథస్థం చేశాడు.

1800లో నిజాం ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమంతా కుంపిణీకి ధారాదత్తం చేశాడు.

ఆదోని జామియా మసీదు కూడా ఒకనాడు ఫిరంగి గురికి వచ్చిందంటారు. దానిని కట్టించినవాడు బిజాపూరు తరపున కోటను ఏలిన సిద్ది మసూద్ ఖాన్. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ముట్టడిలో మసీదు వైపు ఫిరంగులు త్రిప్పగా, ప్రాణం కంటె దానినే మిన్నగా ఎంచి కోటను అప్పగించాడని జనశ్రుతి. మసీదు నేటికీ నిలిచి ఉంది.