సముద్రయానపు పాత తెరచాప పడవల కొనుగోలు

దూర సముద్రయానానికి కావలసిన సామగ్రితో సహా, మరొకరు వాడిన తెరచాప పడవను పరీక్షించి, ధర నిర్ణయించుకొని, హక్కుపత్రాలతో స్వాధీనం చేసుకొనుటయే సముద్రయానపు పాత తెరచాప పడవ కొనుగోలు. ఇటువంటి పడవలు సాధారణంగా 30 నుండి 50 అడుగుల పొడవు కలిగి, ఇద్దరు ముగ్గురు మనుషులు వారాల తరబడి తీరం చేరకుండా జీవించుటకు అనువుగా ఉంటాయి. కొత్త పడవల ధర మిక్కిలి ఎక్కువ కనుక ఐరోపా, ఉత్తర అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో అనేకమంది యాత్రికులు పాత పడవలనే కొంటారు. పలువురికి ఇది జీవితకాలపు పొదుపుతో చేసే కొనుగోలు. పైగా కంటికి కనబడని లోపం నడిసముద్రంలో బయటపడితే ప్రాణాపాయం కలుగవచ్చును. అందువలన ఈ కొనుగోలులో ధర కంటే పరీక్షకే ప్రాధాన్యం ఎక్కువ.

చరిత్ర

ప్రపంచాన్ని ఒంటరిగా తెరచాప పడవపై చుట్టివచ్చిన తొలి వ్యక్తి జాషువా స్లోకమ్ వాడినది పాత పడవయే. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, ఫెయిర్‌హేవెన్‌లో ఒడ్డున శిథిలమై పడియున్న "స్ప్రే" అను పడవ 1892లో అతనికి ఉచితంగా లభించింది. దానిని పునర్నిర్మించుటకు 13 నెలల శ్రమ, 553.62 డాలర్ల ఖర్చు అయినట్లు అతడు లెక్క చెప్పాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్‌లో బయలుదేరి 1898 జూన్ 27న న్యూపోర్టు చేరాడు.

1960వ దశకం నుండి ఫైబర్‌గ్లాస్ పడవల తయారీ విస్తరించింది. ఈ పదార్థం చెక్క వలె కుళ్ళదు, ఉక్కు వలె తుప్పు పట్టదు. అందుచేత 40, 50 సంవత్సరాల పడవలు కూడా నేడు సముద్రంపై తిరుగుతున్నాయి. 2018 గోల్డెన్ గ్లోబ్ పందెపు నియమాలు 1988కి ముందు రూపొందించిన నమూనాలనే అనుమతించాయి.

పరిశీలించవలసిన భాగాలు

పడవ దేహము: ఫైబర్‌గ్లాస్‌లోనికి నీరు ఇంకి బొబ్బలు ఏర్పడవచ్చును. ఇవి పడవను ముంచుట అరుదు, కాని చికిత్స ఖర్చుతో కూడినది. పైతట్టు రెండు ఫైబర్‌గ్లాస్ పొరల నడుమ తేలికైన బాల్సా చెక్కతో చేసినదైతే, మేకుల రంధ్రాల గుండా నీరు చేరి ఆ చెక్క కుళ్ళే ప్రమాదముంది. చిన్న సుత్తితో తట్టినపుడు గట్టిచోట ఖంగుమని, కుళ్ళినచోట బొదగా వినిపిస్తుంది.

కీలు: పడవ అడుగున బరువుగా ఉండి అది బోర్లపడకుండా కాపాడే భాగం. బోల్టులతో బిగించిన కీలు అయితే, అతుకు వద్ద పగుళ్ళు, తుప్పు చారలు, పూర్వం నేలకు తగిలిన గుర్తులు వెదకాలి.

స్తంభము: దీనిని నిలిపియుంచే స్టెయిన్‌లెస్ స్టీలు తీగలను సాధారణంగా 10-15 సంవత్సరాలకు మార్చుతారు. ఒక్క తీగ తెగినను స్తంభం కూలవచ్చును. తీగలను దేహానికి బంధించే పలకలు పైతట్టులో దూరేచోట తుప్పు దాగియుంటుంది.

కవాటాలు: నీటిమట్టం క్రింద దేహంలోని ప్రతి రంధ్రానికి మూసివేయగల కవాటం ఉండాలి. సాధారణ ఇత్తడి కవాటాలలోని జింకును ఉప్పునీరు హరించగా అవి పెళుసై విరుగుతాయి.

సామగ్రి: గాలిమర ఆధారంగా విద్యుత్తు లేకుండా చుక్కానిని నడిపే పరికరం, సౌరఫలకాలు, లంగరు, గొలుసు, ప్రాణరక్షక తెప్ప, ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరం ముఖ్యమైనవి. తెప్పను నిర్ణీత కాలంలో తనిఖీ చేయించినదీ లేనిదీ చూడాలి. సంకేత పరికరాన్ని కొత్త యజమాని పేర తిరిగి నమోదు చేయించాలి. లేనిచో గాలింపు సిబ్బందికి పాత యజమాని వివరాలే చేరుతాయి.

కొనుగోలు విధానము

సాధారణంగా కొనుగోలుదారు ధరలో 10 శాతం బయానా చెల్లించి, పరీక్షకు లోబడిన ఒప్పందం చేసుకొంటాడు. పిదప పడవను నీటి నుండి పైకి తీయించి సర్వేయరుచే పరీక్ష జరిపిస్తారు. సర్వేయరును కొనేవారే స్వయంగా నియమించుకొనుట మంచిది. అమ్మేవారు లేదా మధ్యవర్తి సూచించిన వ్యక్తి తటస్థంగా ఉండకపోవచ్చును. అటుపై సముద్రంలో నడిపి తెరచాపలను, యంత్రాన్ని చూస్తారు. యంత్రం అప్పటికే వేడెక్కియున్నట్లయితే, చల్లగా ఉన్నపుడు అది సులభంగా మొదలవుతుందో లేదో తెలియదు.

పడవపై తీరని అప్పు ఉన్నచో అది కొత్త యజమానిని వెంటాడవచ్చును. బ్రిటన్‌లో మొదటి భాగపు రిజిస్టరులో తాకట్లు నమోదవుతాయి. చిన్న నౌకల రిజిస్టరైన మూడవ భాగము యాజమాన్యానికి రుజువు కాదు. పడవను వేరొక దేశానికి తీసుకొనిపోతే దిగుమతి సుంకం పడవచ్చును.

అమర్చిన పరికరాలకు పూర్వ యజమాని పెట్టిన ఖర్చంతా అమ్మకపు ధరలో తిరిగి రాదు. కనుక సామగ్రి ఉన్న పడవ కొనుట లాభమే, అయితే ఆ సామగ్రి పనిచేసేదై ఉండాలి. అలంకరించిన లోపలి గదుల కంటే కొత్త తీగలు, మంచి తెరచాపలు ఎక్కువ విలువైనవి.

చీకీ రఫీకి ప్రమాదము

2014 మే నెలలో ఆంటిగ్వా నుండి ఇంగ్లాండు వెళ్తున్న "చీకీ రఫీకి" అను పడవ ఉత్తర అట్లాంటిక్‌లో కీలు ఊడి బోర్లపడింది. నలుగురు నావికులు మరణించారు. ప్రాణరక్షక తెప్ప తలక్రిందులైన పడవలోనే ఉండిపోయినది. పూర్వం పలుమార్లు నేలకు తగులుట, ఆ పిదప చేసిన మరమ్మతులు కలిసి కీలు అతుకును బలహీనపరచి ఉండవచ్చునని బ్రిటన్ దర్యాప్తు నివేదిక 2015లో తెలిపింది. పడవ ఎన్నిసార్లు నేలకు తగిలింది, ఎవరు బాగుచేశారు అను ప్రశ్నలు అమ్మేవారిని తప్పక అడగాలనుటకు ఇది ఉదాహరణ.

భారతదేశములో

చక్కని నిర్వహణ ఉన్న పడవ మరల దీర్ఘయాత్ర చేయగలదనుటకు భారత నౌకాదళపు "తారిణి" నిదర్శనం. గోవాలో నిర్మించిన ఈ పడవపై 2017-18లో ఆరుగురు మహిళా అధికారులు ప్రపంచాన్ని చుట్టివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, హైదరాబాదుకు చెందిన బి.ఐశ్వర్య ఉన్నారు. అదే పడవ 2024-25లో ఇద్దరు అధికారులతో రెండవసారి భూప్రదక్షిణ పూర్తిచేసింది.

ఇవి కూడా చూడండి

తెరచాప పడవ
లంగరు
జాషువా స్లోకమ్
ఐఎన్ఎస్‌వి తారిణి